కాంతి పాఠం ఇంట్లో నేర్చుకునే పద్ధతి: బెంగళూరు తెలుగు పిల్లలకు, వాళ్ళ పక్కన కూర్చునే పెద్దలకు

పదో తరగతి పిల్లల్ని దర్పణ సూత్రం చెప్పమనండి, టకటకా అప్పజెప్తారు. అదే పిల్లల్ని అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ మలుపులో పెట్టిన గుండ్రటి అద్దం ఏ రకానిదో, అక్కడ అదే ఎందుకు పెట్టారో అడిగితే దిక్కులు చూస్తారు. మారతహళ్ళి వైపు మా అపార్ట్‌మెంట్‌లో శని, ఆదివారాలు తెలుగు పిల్లలకు సైన్స్ చెబుతుంటాను. కాంతి దగ్గరికొచ్చేసరికి దాదాపు అందరిదీ ఒకటే కథ. సూత్రం ముందే నోటికొచ్చేసి ఉంటుంది, బొమ్మలు బట్టీ పట్టేసి ఉంటారు, కాంతి నిజంగా ఏం చేస్తుందో చూడటం మాత్రం జరిగి ఉండదు. స్మార్ట్ బోర్డు మీద యానిమేషన్ చూశాం కదా అంటారు. యానిమేషన్‌లో కిరణం గీసినవాడు చెప్పినట్టు వింటుంది. టేబుల్ మీద కిరణం అలా వినదు, అక్కడే చదువు మొదలవుతుంది.

అందుకే ఈ పద్ధతిలో వరస తిరగేశాను. ముందు కంటితో చూడాలి, తరవాత స్కేలు పట్టుకుని గీయాలి, సూత్రం జోలికి అన్నిటికన్నా చివర్న వెళ్ళాలి. ఏడు నుంచి పది దాకా ఏ తరగతైనా, ఏ బోర్డైనా ఇది పనికొస్తుంది. ఏడో తరగతి పిల్లలు సమతల దర్పణం దాకా చేసి ఆగిపోవచ్చు.

కావలసిన సామాను

చాలావరకు ఇంట్లోనే ఉంటుంది: ఫోన్ టార్చి, చిన్న అద్దం ముక్క, కొత్త స్టీలు గరిటె, గాజు గ్లాసు, నల్ల చార్టు పేపరు, గ్రాఫ్ కాగితాలు, కోణమానిని, గుండుసూదులు, బామ్మగారి చదువుకునే కళ్ళద్దాలు. ఒక కుంభాకార కటకం (మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే లెన్స్), ఒక పుటాకార దర్పణం (లోపలికి గుంటగా ఉండే అద్దం), దీర్ఘచతురస్రపు గాజు దిమ్మె కొనుక్కుంటే మంచిది. స్కూల్ ల్యాబ్ సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. ఎస్పీ రోడ్డు దాకా వెళ్ళి లేజర్ లైటు కొనాల్సిన పని లేదు. పిల్లల చేతిలో లేజర్ ఉంటే అది ఎవరో ఒకరి కంట్లో పడేదాకా ఊరుకోదు, టార్చితోనే అన్నీ అవుతాయి.

ఒక షరతు మాత్రం గట్టిగా చెప్పండి. సూర్యుణ్ణి నేరుగా గానీ, కటకంలోంచి గానీ, అద్దంలో గానీ చూడకూడదు. చూడాల్సింది గోడ మీదో, కాగితం మీదో పడిన వెలుగునే. కటకాన్ని ఎండలో, కిటికీ గట్టు మీద వదిలేయకూడదు. కర్టెన్ అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

మొదటి మెట్టు: సూర్యుడి బొమ్మను హాల్లోకి తేవడం

కాంతి తిన్నగా ప్రయాణిస్తుందన్న వాక్యం పిల్లలు ఆరో తరగతి నుంచీ రాస్తున్నారు. దాని బలం ఎంతో తెలియాలంటే ఈ ప్రయోగం చేయించండి.

ఒక కాగితంలో అర సెంటీమీటరు రంధ్రం చేసి అద్దానికి అతికించండి. రంధ్రం గుండ్రంగా వద్దు, చతురస్రంగానో త్రికోణంగానో కోయండి. పొద్దున బాల్కనీలో ఎండ పడే చోట అద్దాన్ని పుస్తకాల మధ్య నిలబెట్టి, ఆ వెలుగు హాల్లోని ఎదురు గోడ మీద పడేలా తిప్పండి. హాలు చీకటిగా ఉండాలి, గోడ కనీసం 5 మీటర్ల దూరంలో ఉండాలి. రంధ్రం ఏ ఆకారంలో ఉన్నా గోడ మీద మచ్చ గుండ్రంగానే వస్తుంది. ఎందుకంటే అది రంధ్రపు ఆకారం కాదు, సూర్యుడి ప్రతిబింబం. అద్దం నుంచి అరచెయ్యి దూరంలో కాగితం పెడితే మాత్రం చతురస్రమే కనిపిస్తుంది. కాగితాన్ని మెల్లగా వెనక్కి జరుపుతూ పోతే మూలలు కరిగి గుండ్రమవడం కళ్ళారా చూడొచ్చు. ఆ మార్పు ఎందుకో పిల్లవాడే చెప్పేదాకా మీరు నోరు విప్పకండి.

ఇప్పుడు కొలవండి. 5 మీటర్ల దూరంలో మచ్చ వెడల్పు 5 సెంటీమీటర్ల పైన ఉంటుంది. అందులోంచి రంధ్రపు అర సెంటీమీటరు తీసేస్తే 4.6 సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది. 4.6ను 500తో భాగించండి. సూర్యుడి దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు కాబట్టి దాంతో గుణించండి. 13.8 లక్షల కిలోమీటర్లు వస్తుంది. సూర్యుడి అసలు వ్యాసం దాదాపు 13.9 లక్షల కిలోమీటర్లు. బాల్కనీలో అద్దం ముక్కతో సూర్యుణ్ణి కొలిచిన పిల్లకు ఇక సరూప త్రిభుజాలు ఎందుకని సందేహం రాదు. గోడ మీది ఆ వెలుగు సూర్యుణ్ణి వదిలి 8 నిమిషాల 20 సెకన్లయిందని, సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తి వచ్చిందని అప్పుడే చెప్పేయండి. విడిగా చెబితే అది ఇంకో అంకెగా మిగిలిపోతుంది.

ఇదే సంగతి కబ్బన్ పార్కులో, లాల్‌బాగ్‌లో చెట్ల కింద కూడా కనిపిస్తుంది. ఆకుల సందులు ఎలా ఉన్నా నేల మీద వెలుగు మచ్చలు గుండ్రంగా ఉంటాయి, ఒక్కొక్కటీ ఒక సూర్యుడి బొమ్మ. పాక్షిక గ్రహణం రోజున అవన్నీ కొడవళ్ళలా మారిపోతాయి. గవి గంగాధరేశ్వర ఆలయంలో మకర సంక్రాంతి సాయంత్రం ఎండ నంది కొమ్ముల మధ్యగా లోపలి శివలింగాన్ని తాకేదీ తిన్నటి దారిలోనే. ఆ కోణాన్ని రాతిలో లెక్కగట్టినవాళ్ళకు మన కిరణ చిత్రం తెలిసినట్టే.

ఏప్రిల్ 24 ప్రాంతంలో ఇంకో అవకాశం ఉంది. బెంగళూరు సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం 12 గంటల 17 నిమిషాల ప్రాంతంలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. టెర్రస్ మీద నిటారుగా నిలబెట్టిన సీసా నీడ దాని అడుగులోకి మాయమైపోతుంది. ఆగస్టు 18 ప్రాంతంలోనూ ఇలాగే జరుగుతుంది గానీ అప్పుడు మన మబ్బులు చూడనిస్తే కదా! వేసవి సెలవులకు హైదరాబాద్ వెళ్ళే పిల్లలు మే 9 ప్రాంతంలో అక్కడ మళ్ళీ చూడొచ్చు.

రెండో మెట్టు: పరావర్తనం, కోణం కొలిచే చోటు

నల్ల చార్టులో నిలువుగా రెండు మిల్లీమీటర్ల చీలిక కోసి టేబుల్ మీద నిలబెట్టండి. ఫోన్ టార్చిని దానికి అర మీటరు వెనక, టేబుల్ ఎత్తులోనే పెట్టండి. దగ్గరగా పెడితే కిరణం విసనకర్రలా విచ్చుకుంటుంది, కొలతలు కుదరవు. తెల్ల కాగితం మీద సన్నటి గీతలా వెలుగు పాకుతుంది. దానికి అడ్డంగా అద్దాన్ని నిలబెట్టండి.

అద్దం కోసం గీసే గీత ముందు అంచున కాదు, వెనక అంచున ఉండాలి. పూత వెనకే ఉంటుంది, కాంతి తిరిగేదీ అక్కడే. కిరణం గీతను తాకిన బిందువు దగ్గర లంబం (అద్దానికి 90 డిగ్రీల గీత) గీసి, కిరణం వచ్చే పతన కోణాన్నీ తిరిగి వెళ్ళే పరావర్తన కోణాన్నీ ఆ లంబం నుంచి కొలవాలి. పరీక్షల్లో ఇక్కడ పోయే మార్కులు ఇన్నీ అన్నీ కావు. "కిరణం అద్దంతో 30 డిగ్రీలు చేస్తోంది" అని ప్రశ్నలో ఇస్తారు, పిల్లలు పతన కోణం 30 అని రాసేస్తారు. అది 60. నాలుగైదు వేర్వేరు కోణాల్లో కొలిచిన పిల్లకు ఆ పొరపాటు రాదు, ఎందుకంటే చేతికి లంబం అలవాటైపోతుంది.

మూడో మెట్టు: గరిటె, బేస్‌మెంట్ అద్దం, గ్రాఫ్ కాగితం

కొత్త స్టీలు గరిటె లోపలి వైపు చూస్తే మొహం తలకిందులుగా ఉంటుంది. చాలామంది అక్కడితో సరిపెట్టుకుంటారు. అలా వదలొద్దు, వేలి కొనను గరిటె గుంటకు దాదాపు ఆనించి అక్కణ్ణుంచి మెల్లగా వెనక్కి లాగించండి. మొదట వేలు నిటారుగా, లావుగా కనిపిస్తుంది. ఒకచోట గుంటంతా వేలి రంగుతో నిండిపోయి ఆకారం తెలియకుండా పోతుంది. ఇంకాస్త వెనక్కి వస్తే తలకిందులుగా ప్రత్యక్షమవుతుంది. ఆ ఆకారం పోయిన చోటు దగ్గరే నాభి (సమాంతరంగా వచ్చిన కిరణాలు కలిసే చోటు) ఉంది. పుటాకార దర్పణానికి పుస్తకంలో ఇచ్చే పట్టిక మొత్తం ఆ ఒక్క కదలికలో ఉంది.

గరిటె వెనక వైపు, బేస్‌మెంట్ అద్దం, బీఎంటీసీ బస్సు పక్క అద్దం, ఇవన్నీ కుంభాకారం, అంటే బయటికి ఉబ్బినవి. వేలు ఎక్కడున్నా బొమ్మ నిటారుగా, చిన్నగానే వస్తుంది. చిన్నగా వస్తుంది కాబట్టే ఎక్కువ మేర కనిపిస్తుంది, మలుపు అవతల వచ్చే స్కూటర్ కూడా. అందుకే కారు పక్క అద్దంలో కనిపించే బండి అనుకున్నదానికన్నా దగ్గరగా ఉంటుంది.

ఇక గీయడం. దీనికి ఒక ఆదివారం మొత్తం ఇచ్చినా తప్పులేదు. గ్రాఫ్ కాగితం మీద ప్రధానాక్షం (అద్దం మధ్య గుండా అడ్డంగా పోయే గీత) గీసి, ధ్రువం (అద్దం నడిమి బిందువు) నుంచి 3 సెంటీమీటర్ల దగ్గర నాభి, 6 సెంటీమీటర్ల దగ్గర వక్రతా కేంద్రం (అద్దం ఏ గోళంలో ముక్కో ఆ గోళం కేంద్రం) గుర్తించండి. వస్తువు ఎత్తు 1 సెంటీమీటరు. అద్దాన్ని బాగా వంపు తిప్పి గీస్తే కిరణాలు ఒకచోట కలవవు, పిల్లలు రబ్బరు పట్టుకుని ఏడుపు మొహం పెడతారు. ధ్రువం దగ్గర నిట్టనిలువు గీత గీసి దాని మీదే కిరణాలను తిప్పండి, వంపును పైనా కిందా కొద్దిగా చూపితే చాలు. అక్షానికి సమాంతరంగా వెళ్ళిన కిరణం నాభి గుండా తిరిగొస్తుంది, నాభి గుండా వెళ్ళింది సమాంతరంగా వస్తుంది, వక్రతా కేంద్రం గుండా వెళ్ళింది వచ్చిన దారినే పోతుంది. వీటిలో ఏ రెండైనా చాలు.

వస్తువును వరసగా 9, 6, 4.5, 3, 2 సెంటీమీటర్ల దగ్గర పెట్టి అయిదు బొమ్మలు గీయించండి. 9 దగ్గర పెడితే ప్రతిబింబం 4.5 దగ్గర వస్తుంది. 4.5 దగ్గర పెడితే 9 దగ్గరికి పోతుంది. కాంతి వచ్చిన దారినే వెనక్కీ పోగలదని చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. 6 దగ్గర పెడితే అక్కడే, అంతే ఎత్తులో, తలకిందులుగా. 3 దగ్గర కిరణాలు సమాంతరమైపోయి కలవనే కలవవు. 2 దగ్గర పెడితే అద్దం ముందు కలవకుండా విడిపోతాయి. వాటిని చుక్కల గీతలతో వెనక్కి పొడిగిస్తే అద్దం వెనక 6 సెంటీమీటర్ల దగ్గర మూడు రెట్ల ఎత్తు ప్రతిబింబం. గరిటెలో లావుగా కనిపించిన వేలు అదే. ఈ అయిదు కాగితాలూ దాచమనండి, చివర్లో మళ్ళీ కావాలి.

నాలుగో మెట్టు: వక్రీభవనం

స్టీలు గిన్నె అడుగున పది రూపాయల నాణెం పెట్టి, అది అంచు చాటున మాయమయ్యేదాకా పిల్లను వెనక్కి జరగమనండి. మీరు నీళ్ళు పోస్తుంటే నాణెం మెల్లగా పైకి తేలుతుంది. నీటి వక్రీభవన గుణకం (గాలిలో కన్నా నీటిలో కాంతి ఎన్ని రెట్లు నెమ్మదో చెప్పే అంకె) 1.33 కాబట్టి పైనుంచి నిట్టనిలువుగా చూస్తే లోతు అసలులో ముప్పాతికే కనిపిస్తుంది. సంపులో 8 అడుగుల నీళ్ళుంటే 6 అడుగులే అనిపిస్తాయి. తెలియని చెరువులోకి దిగొద్దని పెద్దలు అరిచేది ఊరికే కాదు.

కాంతి ఎందుకు వంగుతుంది? వేగం మారుతుంది కాబట్టి. తోపుడు బండి తారు రోడ్డు మీంచి ఏటవాలుగా ఇసుకలోకి దిగిందనుకోండి. ముందుగా ఇసుక తాకిన చక్రం నెమ్మదిస్తుంది, రెండోది ఇంకా తారు మీదే ఉంటుంది, బండి మొహం తిరుగుతుంది. గాలిలోంచి గాజులోకి వెళ్ళే కాంతి లంబం వైపు వంగేది అందుకే. తిన్నగా దిగిన బండి నెమ్మదిస్తుంది గానీ తిరగదు, లంబం వెంట పడిన కిరణమూ అంతే.

గాజు దిమ్మె ప్రయోగంలో గుండుసూదులను ఒకదానికొకటి కనీసం 5 సెంటీమీటర్ల దూరంలో గుచ్చాలి, సూది తల కాదు, కాలు చూస్తూ వరస కలపాలి. మిగతాది పుస్తకంలోనే బాగా ఉంటుంది.

వంటింట్లో ఇంకోటి చేయొచ్చు. వేడికి తట్టుకునే బోరోసిల్ రకం చిన్న గాజు గిన్నెను పెద్ద గాజు పాత్రలో పెట్టి సన్‌ఫ్లవర్ నూనె పోయండి, లోపలి గిన్నె క్రమంగా మాయమవుతుంది. రెండింటి వక్రీభవన గుణకమూ 1.47 దగ్గర ఉంటుంది. కాంతికి తేడా తెలియకపోతే వంగదు, తిరిగి రాదు, కాబట్టి గిన్నె అంచులు మనకు కనిపించవు. మామూలు గాజు గ్లాసు గుణకం 1.52 ప్రాంతం, అది పూర్తిగా మాయం కాదు. నూనె వృథా కాదు లెండి, వడగట్టి వాడుకోవచ్చు.

సంపూర్ణాంతర పరావర్తనానికి నీళ్ళ గ్లాసును కంటికన్నా కొంచెం ఎత్తుగా పట్టుకుని పక్కనుంచి, కింది నుంచి పైకి చూడండి. నీటి పైతలం వెండి అద్దంలా మెరుస్తుంది. నీటి నుంచి గాలికి సందిగ్ధ కోణం (లంబం నుంచి ఈ కోణం దాటితే కాంతి బయటికి రాకుండా మొత్తం లోపలికే తిరిగిపోతుంది) సుమారు 48.6 డిగ్రీలు, వజ్రానికి 24.4. ఇంటికొచ్చే ఫైబర్ ఇంటర్నెట్ తీగలో కాంతి బయటికి పోకుండా పరుగెత్తేదీ ఇదే పద్ధతిలో.

అయిదో మెట్టు: బామ్మగారి కళ్ళద్దాలు

కటకం పాఠానికి ఇంట్లో ఇంతకన్నా మంచి పరికరం లేదు. చత్వారానికి వాడే కళ్ళద్దాలు తీసుకోండి, పైనా కిందా వేర్వేరు పవర్లున్న జోడు మాత్రం వద్దు. గదిలో లైట్లు ఆర్పి, ఒక కిటికీ తెరిచి, దానికి ఎదురు గోడ దగ్గర నిలబడండి. ఒక అద్దాన్ని గోడకు సమాంతరంగా, దగ్గరగా పట్టుకుని మెల్లగా వెనక్కి లాగండి. ముందు మసక వెలుగు ఉంటుంది. ఒక దూరం దగ్గర ఎదురు బిల్డింగు, దాని మీది నల్ల నీళ్ళ ట్యాంకు, టెర్రస్ మీద ఆరేసిన బట్టలు తలకిందులుగా, రంగులతో సహా గోడ మీద నిలబడతాయి. బట్టలు గాలికి ఊగితే గోడ మీదా ఊగుతాయి.

ఆ దూరమే నాభ్యాంతరం. స్కేలుతో కొలవండి. 40 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, 0.4 మీటర్లు. 1ని 0.4తో భాగిస్తే 2.5. ఇప్పుడు ఆప్టికల్ షాపు చీటీ తెచ్చి చూడండి, అందులో ప్లస్ 2.5 అని ఉంటుంది. కటక సామర్థ్యం, డయాప్టర్ అన్న మాటలు ఇక బట్టీ పట్టక్కర్లేదు. గోడ మీదికి బొమ్మ తెచ్చుకునే వస్తువు దూరంగా ఉండాలన్నది మరిచిపోవద్దు. కిటికీ ఊచల బొమ్మ తెచ్చుకుని కొలిస్తే నాభ్యాంతరం కన్నా ఎక్కువ వస్తుంది.

ఇప్పుడు పిల్లవాడి మైనస్ కళ్ళద్దాలతో ఇదే చేయించండి. ఎంత జరిపినా బొమ్మ రాదు. గోడ మీద అద్దం ఆకారంలో నీడలాంటి మచ్చ, దాని చుట్టూ మెరిసే అంచు కనిపిస్తాయి. మధ్యలో పడాల్సిన వెలుగును కటకం బయటికి తోసేసిందన్నమాట. హ్రస్వదృష్టిలో (దూరంగా ఉన్నవి మసకగా కనిపించే లోపంలో) ప్రతిబింబం రెటీనాకు, అంటే కంటి వెనకున్న తెరకు ముందే ఏర్పడుతుంది కాబట్టి కిరణాలను ముందుగా కాస్త విప్పి పంపాలి. ఆ విప్పే పని చేసేదే ఈ పుటాకార కటకం. కంటి బొమ్మ గీసేటప్పుడు ఒక మాట చెప్పండి: కాంతిని ఎక్కువగా వంచేది లోపలి కటకం కాదు, ముందున్న కార్నియా. లోపలి కటకం దూరాన్ని బట్టి సర్దుకునే పని చేస్తుంది.

ఆరో మెట్టు: రంగులు

పట్టకం (త్రికోణపు గాజు దిమ్మె) లేకపోతే పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో అద్దాన్ని ఏటవాలుగా ముంచి పొద్దుటి ఎండలో పెట్టండి. గోడ మీదో, సీలింగు మీదో ఇంద్రధనుస్సు పడుతుంది. ఎక్కువ వంగేది ఊదా, తక్కువ వంగేది ఎరుపు. పాత సీడీ మీద కనిపించే రంగులు వేరే కారణం వల్ల వస్తాయి, వాటిని ఇక్కడ ఉదాహరణగా రాయొద్దు.

ఆకాశం నీలం రంగు పరిక్షేపణం వల్ల, అంటే గాలి అణువులు కాంతిని చెదరగొట్టడం వల్ల. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ పరిక్షేపణం నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 700 నానోమీటర్ల ఎరుపుతో పోలిస్తే 400 నానోమీటర్ల ఊదా 9 రెట్లకు పైగా చెదురుతుంది. మరి సముద్రం నీలమెందుకు? 1921లో ఇంగ్లండ్ నుంచి ఓడలో తిరిగొస్తూ మధ్యధరా సముద్రం చూసిన సి.వి.రామన్‌కు అది ఆకాశపు ప్రతిబింబం మాత్రమే అంటే నచ్చలేదు. ఆ దారిలో సాగిన పరిశోధన 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ ఎఫెక్ట్‌కూ (చెదిరిన కాంతిలో కొంత భాగం తరంగదైర్ఘ్యం మారడం), 1930లో నోబెల్‌కూ చేరింది. ఆయన బాల్యం గడిచింది విశాఖపట్నంలో. 1933లో బెంగళూరు వచ్చి, 1948లో ఇక్కడే తన పేరిట పరిశోధనా సంస్థ పెట్టారు. మేక్రి సర్కిల్ మీదుగా వెళ్ళినప్పుడు పిల్లలకు చూపించండి. కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియం మాత్రం ఈ మెట్లన్నీ అయ్యాకే. ముందే తీసుకెళ్తే బటన్లు నొక్కి వచ్చేస్తారు.

చివరి మెట్టు: సూత్రాలు, గుర్తులు

పిల్లలకు అసలు టెన్షన్ ప్లస్, మైనస్‌ల దగ్గర. వస్తువును ఎప్పుడూ ఎడమవైపే పెట్టండి. దూరాలన్నీ ధ్రువం నుంచి, కటకమైతే దృక్ కేంద్రం (కటకం నడిమి బిందువు) నుంచి కొలవాలి. కాంతి వెళ్ళే వైపు, అంటే కుడివైపు ప్లస్, ఎడమవైపు మైనస్. అక్షానికి పైన ప్లస్, కింద మైనస్. దీన్నిబట్టి వస్తు దూరం యు ఎప్పుడూ మైనస్. పుటాకార దర్పణం నాభి ఎడమన ఉంది కాబట్టి ధ్రువం నుంచి దాని దూరం, అంటే నాభ్యాంతరం ఎఫ్ మైనస్, కుంభాకార దర్పణానికి ప్లస్. కటకాల్లో కుంభాకారానికి ప్లస్, పుటాకారానికి మైనస్. తెలిసిన విలువలకే గుర్తులు పెట్టాలి. కనుక్కోవాల్సినదానికి ముందే గుర్తు తగిలిస్తే లెక్క తలకిందులవుతుంది.

ప్రతిబింబ దూరం వీ అనుకుంటే, దర్పణానికి 1/ఎఫ్ = 1/వీ + 1/యు, ఆవర్ధనం (ప్రతిబింబం ఎత్తు వస్తువు ఎత్తుకు ఎన్ని రెట్లో) మైనస్ వీ/యు. కటకానికి 1/ఎఫ్ = 1/వీ – 1/యు, ఆవర్ధనం వీ/యు.

ఒక లెక్క. పుటాకార దర్పణం నాభ్యాంతరం 15 సెంటీమీటర్లు, వస్తువు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంది. 1/వీ = –1/15 + 1/10 = 1/30. వీ ప్లస్ 30, అంటే అద్దం వెనక, మిథ్యా ప్రతిబింబం (తెర మీద పట్టలేనిది). ఆవర్ధనం ప్లస్ 3. ఇప్పుడు దాచిన కాగితాల్లో చివరిది తీయమనండి. అక్కడి 3, 2, 6లను 5తో గుణిస్తే 15, 10, 30. లెక్కా బొమ్మా ఒకటేనని చూశాక పిల్లల మొహంలో మార్పు వస్తుంది.

కటకానికీ అంతే. నాభ్యాంతరం ప్లస్ 20, యు మైనస్ 30 అయితే, లెక్క మొదలుపెట్టక ముందే జవాబు ఎక్కడుండాలో చెప్పించండి. వస్తువు నాభ్యాంతరం 20కీ దాని రెట్టింపు 40కీ మధ్య ఉంది, కాబట్టి ప్రతిబింబం అవతలి వైపు 40 దాటి ఉండాలి, తలకిందులుగా, పెద్దగా. 1/వీ = 1/20 – 1/30 = 1/60. వీ ప్లస్ 60, ఆవర్ధనం మైనస్ 2. ఒకవేళ 12 వచ్చిందంటే గుర్తు ఎక్కడో తప్పిందని పిల్లకే తెలిసిపోతుంది.

బొమ్మల్లో బాణం గుర్తులు, మిథ్యా కిరణాలకు చుక్కల గీతలు, అద్దం వెనక వైపు గీతల గుర్తు తప్పకుండా ఉండాలి. ఇక లెక్కల్లో చాలామంది సగం రాసి వదిలేసేది ఒకటుంది. పుటాకార దర్పణం వస్తువును మూడు రెట్లు చేసి చూపిస్తోంది, వస్తువు ఎక్కడుంది అని అడుగుతారు. నిజ ప్రతిబింబమో మిథ్యా ప్రతిబింబమో చెప్పకపోతే ఆవర్ధనం ప్లస్ 3 కావచ్చు, మైనస్ 3 కావచ్చు. నాభ్యాంతరం 15 సెంటీమీటర్లైతే మొదటిదానికి వస్తువు 10 సెంటీమీటర్ల దగ్గర, రెండోదానికి 20 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. రెండు జవాబులూ రాయాలి, పక్కన రెండు చిన్న బొమ్మలు గీస్తే ఇంకా మంచిది.